లైసెన్స్ రెన్యువల్ పుణ్యమా అని మళ్లీ క్లాసులు

టెక్సాస్‌లో రియల్ ఎస్టేట్ లైసెన్స్ ఉన్నోళ్లం రెండేళ్లకోసారి 18 గంటల క్లాసులు చేయాలి, అందులో లీగల్ అప్‌డేట్ 1, 2 అని చట్టాల్లో మార్పుల మీద చెరో 4 గంటలు, ఇంకో 3 గంటలు కాంట్రాక్టుల మీద, మిగతావి మనిష్టం. ఈ ఏడాది నా వంతు. ఆన్‌లైనే కదా పక్కన పెట్టేసి వంట చేసుకుందాం అంటే కుదరదు, టైమర్ అయ్యేదాకా నెక్స్ట్ బటన్ వెలగదు, అయ్యాక మనం నొక్కితే గానీ కదలదు, పప్పు పోపు వేస్తూ ఓ చేత్తో నొక్కుతూ ఉన్నా.

లీగల్ అప్‌డేట్ చాలావరకు నిద్రొచ్చే సరుకే, నిజం చెప్పాలి. కాంట్రాక్ట్ క్లాస్ మాత్రం బంగారం. ఎర్నెస్ట్ మనీ, అదే మన బయానా, కట్టే గడువు కాంట్రాక్ట్ ఖరారయ్యాక మూడో రోజు, అది ఆదివారం పడితే సోమవారానికి జరుగుతుంది, ఆప్షన్ పీరియడ్, అంటే కొనేవాళ్లు వద్దనుకుంటే వెనక్కి తగ్గే గడువు, మాత్రం జరగదు, ఆదివారమైనా సరే సాయంత్రం 5 కొట్టిందంటే అయిపోయినట్టే, ఆ తర్వాత ఇల్లొద్దు అంటే ఎర్నెస్ట్ మనీ మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొనే మనోళ్లకి ఇదొక్కటి చెప్పి ఒప్పించేసరికి తలప్రాణం తోకకొస్తది, "సోమవారం చెప్తాం లేండి" అంటారు చాలా కూల్‌గా.

టైమ్‌కి అవ్వకపోతే 200 డాలర్లు కట్టి 60 రోజులు గడువు తెచ్చుకోవచ్చు, కానీ ఆ డబ్బుతో ఇంకో నాలుగు క్లాసులు వస్తాయి కదండీ. డ్యూ ఉన్నోళ్లు కాంట్రాక్ట్ క్లాస్ ముందు కానిచ్చేయండి, అదీ బుర్ర ఫ్రెష్‌గా ఉన్నప్పుడే.