ఎప్పుడు పేలుతోందని ఒక్కడూ అడగడు

పై ఫ్లాటు ఆంటీగారు సాయంత్రం లిఫ్టు దగ్గర ఆపి, "మీరు కూడా ఆ కుర్రాళ్ళలా సైలెన్సరు మార్పించారా బాబూ?" అన్నారు. జవాబు చెప్పేలోపు తలుపు మూసుకుంది. పదకొండు దాటింది, ఆ ఉడుకు ఇంకా చల్లారలేదు.

మనది పెట్రోలూ గాలీ కలిపిచ్చే కార్బురేటర్ ఉన్న బైకు. ఈ మధ్య కనకదుర్గ ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే చాలు, వెనక టప్ టప్‌మంటోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, స్టాండు వెయ్యకముందే ప్లగ్గన్నాడు. మార్పించాను. తర్వాత ఎయిర్ ఫిల్టరన్నాడు. అదీ అయింది. ఇప్పుడు కార్బురేటరే కొత్తది వేసేద్దాం అంటాడు. వాడి దగ్గర పనిచేసే కుర్రాడైతే "పెట్రోల్లో ఇథనాల్ సార్, అన్ని బళ్ళూ ఇంతే" అని తేల్చేశాడు. ఇథనాల్ కలిస్తే మిక్చర్ కాస్త పల్చబడి గాలి పాలు ఎక్కువయ్యే మాట నిజమే. మరి అదే బంకులో పోయించుకునే మా బావమరిది బండి పేలదే!

ఎప్పుడు పేలుతోందని ఒక్కడైనా అడగాలా వద్దా? రైజ్ చేసినప్పుడు కార్బురేటర్లోంచి తుమ్మితే జెట్లో, ట్యాపెట్లో, టైమింగో చూస్తారు. వదిలినప్పుడు వెనక పేలితే, కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్లో అంటుకుంటోందన్నమాట.

ఈ సంగతి నాకు తెలిసింది మావయ్య బుల్లెట్ మీద. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని కాలవ గట్టు దిగేవాడు. సగం దిగాక గేర్లో ఉండగానే తాళం ఆపేవాడు. ఇంజిన్ తిరుగుతూనే ఉండేది, పచ్చి పెట్రోలు సైలెన్సర్లోకి పోతూనే ఉండేది. మళ్ళీ తాళం తిప్పగానే ఢామ్! కొంగలన్నీ ఒక్కసారి లేచేవి. అత్తయ్య గుమ్మంలోంచే తిట్లు లంకించుకునేది. ఒకరోజు సైలెన్సరు కుట్టు దగ్గర చీలిపోయింది, అది తాతయ్యకి తెలియకుండా వెల్డింగ్ చేయించడానికి మావయ్య పడిన పాట్లు చూడాలి. నన్ను కూడా అబద్ధమాడమన్నాడు, జీళ్ళు కొనిపెట్టి.

భోజనాలయ్యాక చిన్నాడి చేత టార్చి పట్టించి కిందకి వెళ్ళా. నిన్న పెట్రోలు పాలు పెంచే చోక్ సగం లేపి నడిపినా పేలుడు తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. అంటే కొరత పెట్రోలుది కాదు, సైలెన్సర్లోకి గాలే ఎక్కణ్ణుంచో దూరుతోంది. సైలెన్సరు బెండ్ పైపు ఇంజిన్ హెడ్డుకి కలిసేచోట నల్లగా మసి చార! చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వేళ్ళు దగ్గర పెడితే ఫుస్ ఫుస్‌మని తగిలింది. నట్లు రెండూ వదులే. బిగించి ఒక రౌండు కొట్టొచ్చా. చాలావరకు పోయింది.

ఆ కుర్రాణ్ణి తిట్టుకోవడం న్యాయం కాదేమో. 2020 ఏప్రిల్లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళన్నీ దాదాపు కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షనే. వాడు కార్బురేటర్ విప్పి నేర్చుకునేది ఎక్కడ? అయినా మసి కనబడ్డానికి కార్బురేటర్ చదువెందుకు, కళ్ళుంటే చాలదూ? వాడి ఓనరుకి అవి కూడా లేవు.

ఆదివారం ప్యాకింగ్ రింగు మార్చాలి. ముందు షాపులో ఉండిపోయిన పాత ప్లగ్గు అడిగి తెచ్చుకోవాలి. మొన బిస్కెట్ రంగులో ఉంది, లక్షణమైన ప్లగ్గు.