పీటీఈకి యాస పెట్టక్కర్లేదు

కంప్యూటర్ మార్కులేసే ఇంగ్లిష్ పరీక్ష పీటీఈలో అమెరికా యాస పెడితేనే స్కోరు వస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకమే కొంప ముంచుతుంది. తెరమీది వాక్యాల్ని పైకి చదివే ‘రీడ్ అలౌడ్’ ప్రశ్నలో చూసేది మూడు: తెరమీది మాటలన్నీ చదివారా, ఉచ్చారణ, ధారాళత. తెచ్చిపెట్టుకున్న యాసతో నాలుక తడబడితే ధారాళతే పోతుంది. ఒక పదం తప్పు పలికారా? వెనక్కి వెళ్లి దిద్దుకోకండి, సాగిపోండి. 3 సెకన్లు మౌనంగా ఉంటే రికార్డింగ్ ఆగిపోతుంది, మిగిలిన వాక్యం గల్లంతే. మైకు నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి ఉంచండి, ఊపిరి శబ్దం పడదు.

తప్పు జవాబుకి నష్టం లేదన్నదీ అపోహే. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నల్లో ప్రతి తప్పు ఎంపికకీ ఒక మార్కు కోస్తారు. సున్నా కంటే కిందకి మాత్రం పోదు.

ఇక వ్యాసం: 200 నుంచి 300 పదాలు. బట్టీపట్టిన మూస అడిగిన విషయానికి అతకకపోతే, వ్యాకరణం ఎంత బాగున్నా మొత్తానికి సున్నాయే.