మీటర్ మీద 25 చూపిస్తే ప్రాణం లేచొచ్చేది

పోయిన జనవరిలో గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లు కంప్యూటర్లనీ కెమెరాలనీ కలిపే నెట్‌వర్క్ వెయ్యమని పిలిచారు. నాలుగు ఛాంబర్లు, మధ్యలో ఆఫీసు, గేటు దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి, చుట్టూ కెమెరాలు. ఓనరు గారు నా కంటే పదేళ్లు పెద్ద. నేను వెళ్లేసరికే పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, బాల్ పెన్నుతో ప్లాన్ గీసి ఉంచారు. ఆఫీసులో బయల్దేరిన ఒకే ఒక్క గీత నాలుగు ఛాంబర్లూ తిరిగి వేబ్రిడ్జి దాకా వెళ్లింది.

“ఒకటే వైరు లాగవయ్యా. దారిలో ఎక్కడికక్కడ ఓ బాక్సు పెట్టు. కరెంటు స్తంభాలు అట్టాగే ఉంటాయిగా” అన్నారు.

ఆ గీత చూడగానే నాకు 1998 గుర్తొచ్చింది. నేను పని నేర్చుకున్నది బ్రాడీపేటలో ఒక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో. ల్యాబ్‌లో 12 మెషీన్లు, అన్నింటినీ కలుపుతూ ఒకటే నల్ల వైరు. చూడ్డానికి కేబుల్ టీవీ వైరులాగే ఉంటుంది గానీ అది 75 ఓంలది, ఇది 50. ప్రతి కంప్యూటర్ వెనకా ఇంగ్లిషు టీ ఆకారంలో ఒక కనెక్టర్. ఒక పక్క నుంచి వైరు వస్తుంది, ఇంకో పక్క నుంచి వెళ్తుంది. మొదటి మెషీన్‌కీ చివరి మెషీన్‌కీ ఖాళీగా మిగిలిన పక్కన చిన్న మూతలాంటి టెర్మినేటర్ బిగిస్తారు. దాని లోపల ఉండేది ఒక 50 ఓంల రెసిస్టర్, అంతే. వైరు కొస దాకా వచ్చిన సిగ్నల్‌ని అక్కడే మింగేయడం దాని పని. అది లేకపోతే గోడకు కొట్టిన బంతిలా సిగ్నల్ వెనక్కొచ్చి, వెనకాల వస్తున్న సిగ్నల్‌తో కలిసి పాడైపోతుంది. ఊడింది ఒక్క మూతే, ఆగేది మాత్రం 12 మెషీన్లూ. బస్ టోపాలజీ అని పుస్తకంలో చదివింది ఇదే; టోపాలజీ అంటే మెషీన్లని వైర్లతో కలిపే తీరు. ఒక వైరు 185 మీటర్లు, దాని మీద 30 మెషీన్లు దాటకూడదని లెక్క. మాది ఆ లెక్కకు చాలా లోపలే ఉండేది, అయినా వారానికోసారి పడుకునేది.

ఒకసారి సరిగ్గా ప్రాక్టికల్ పరీక్ష రోజున ల్యాబ్ మొత్తం ఆగిపోయింది. మా సార్ అరవలేదు. మల్టీమీటర్ నా చేతిలో పెట్టి, ఏదైనా ఒక టీ దగ్గర నడిమి పిన్నుకీ బయటి తొడుగుకీ మధ్య కొలవమన్నారు. వైరు బాగుంటే 25 చూపించాలి, ఎందుకంటే రెండు కొసల్లోని 50లు రెండూ పక్కపక్కన (ప్యారలల్‌లో) ఉన్నట్టు లెక్క, అప్పుడు సగమే చూపిస్తుంది. నాకు 50 చూపించింది. అంటే ఒక కొస పోయింది. ఏ కొస? మధ్యలో ఆరో మెషీన్ దగ్గర వైరు విడదీసి రెండు పక్కలా విడివిడిగా కొలిచాను. ఎడమ పక్క 50, కుడి పక్క ఏమీ లేదు. బల్లల కింద పాక్కుంటూ చివరి మెషీన్ దాకా వెళ్లి చూస్తే అక్కడ టెర్మినేటరే లేదు. తలెత్తితే పక్క బెంచీలో ఒక కుర్రాడు దాన్ని బొంగరంలా తిప్పుకుంటూ కూర్చున్నాడు. మళ్లీ బిగించి కొలిస్తే 25. అప్పట్లో ఆ అంకె కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది.

కోల్డ్ స్టోరేజీలో ఇప్పుడు ఆ వైరు వెయ్యం, స్విచ్‌లు పెడతాం. లైటు స్విచ్ కాదు, చాలా నెట్‌వర్క్ వైర్లని ఒకచోట కలిపే పెట్టె. కానీ ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కి, దాన్నుంచి మరోదానికి గొలుసు కట్టుకుంటూ పోతే జబ్బు పాతదే. ఒకటో ఛాంబర్‌లో ఎవరో ఫ్యాన్ కోసం ప్లగ్గు పీకితే దాని వెనకున్న మూడు ఛాంబర్లూ, వేబ్రిడ్జీ కూడా పోతాయి. ఇంకో తిప్పలు కెమెరాలతో. 24 కెమెరాలు, ఒక్కోటి సెకనుకి 4 మెగాబిట్లు పంపుతుందనుకున్నా 96. ఓనరు గారికి ఎవరో కోట్ చేసిన చౌక స్విచ్‌ల పోర్టు, అంటే వైరు గుచ్చే చోటు, 100 మెగాబిట్లే. మొత్తం కెమెరాలు ఆ మొదటి లంకె మీదే ఎక్కుతాయి. ఇంక బిల్లింగ్‌కి చోటేదీ?

“మరి స్టార్ అంటే ఎంత ఎక్కువవుద్ది?” అని అడిగారు. ప్రతి ఛాంబర్ నుంచీ ఆఫీసుకి విడిగా వైరు లాగడమే స్టార్. లెక్కేస్తే 400 మీటర్ల పైచిలుకు ఎక్కువ. 305 మీటర్ల క్యాట్6 (నెట్‌వర్క్‌కి వాడే రాగి వైరు) బాక్సులు ఒకటిన్నర. ఆయనకి లారీ కిరాయి కూడా కాదది.

నేను ఏ సైట్‌కి వెళ్లినా టోపాలజీ పేర్లు చెప్పను. ఒక్క ప్రశ్న అడుగుతాను: ఈ వైరు తెగితే ఎవరి పని ఆగుతుంది? ఆయన కాసేపు ఆలోచించి చెప్పారు. కెమెరా ఓ పూట పోయినా ఫర్వాలేదు. ఆఫీసు ఆగితే గుమస్తా గారు పుస్తకంలో రాసుకుంటారు. వేబ్రిడ్జి ఆగితే మాత్రం మార్చిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగే రోజుల్లో లారీలు రోడ్డు దాకా బారులు తీరతాయి. నా డిజైన్ మొత్తం ఆ జవాబులోంచే వచ్చింది. ఛాంబర్లకి మామూలు స్టార్ చాలు. వేబ్రిడ్జికి మాత్రం రెండు దారులు.

వేబ్రిడ్జి ఆఫీసుకి 140 మీటర్లు. రాగి వైరు మీద ఈథర్‌నెట్ (ఈ నెట్‌వర్క్ నడిచే పద్ధతి) 100 మీటర్లకే. “మా బావమరిది ఇంటికాడ 130కి కూడా పనిచేస్తంది” అన్నారు. చేస్తుంది, ఎండాకాలం దాకా. దూరం ఒక్కటే కాదు, రెండు బిల్డింగుల మధ్య బయట రాగి వైరు పరిచి ఉంటే దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు రెండు పక్కలా పోర్టులు కాలిపోతాయి. అలా కాలిన స్విచ్‌లు మా ఇంట్లో ఓ అట్టపెట్టె నిండా ఉన్నాయి. అందుకే ఫైబర్, అంటే గాజు పోగుల కేబుల్, వేశాం. గాజులో కరెంటు పారదు. ఎలుకల భయంతో ఇనుప తొడుగున్న రకం తీసుకున్నాం కాబట్టి ఆ తొడుగుకి ఎర్తింగ్ ఇచ్చాం. ఆరు కోర్లలో (గాజు పోగుల్లో) వాడింది రెండే, మిగతావి అలా పడుంటాయి. మట్టి తవ్వడానికయ్యే ఖర్చు ముందు అదనపు కోర్ల ధర ఒక లెక్క కాదు.

రెండో దారిని కూడా అదే గాడిలో వేద్దామన్నాడు మేస్త్రి. కాగితం మీద అదీ రింగే, అంటే చుట్టే. జేసీబీ పన్ను ఒక్కసారి దిగితే రెండూ కలిసే తెగుతాయి. 2008 జనవరి చివర్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు పెద్ద కేబుళ్లు ఒకే రోజు తెగితే ఇండియాలో ఇంటర్నెట్ రోజుల తరబడి నత్తనడక నడిచింది, గుర్తుండే ఉంటుంది. కేబుళ్లు రెండయినా దారి ఒకటైతే అంతే. అందుకని మా రెండోది కాంపౌండ్ గోడ మీదుగా, వెనక వైపు నుంచి తిప్పి తెచ్చాం.

అలా రెండు దారులు కలిస్తే చుట్టు ఏర్పడుతుంది. చుట్టుని మామూలు స్విచ్ తట్టుకోలేదు. అందరికీ చేరాలని పంపిన ఒక ప్యాకెట్ (డేటా ముక్క) ఆ చుట్టులో తిరుగుతూనే ఉంటుంది, ఈథర్‌నెట్‌లో దానికి కాలం చెల్లడమంటూ లేదు. కొన్ని క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తం గడ్డకట్టేస్తుంది. గుర్తుపట్టడం తేలిక, స్విచ్ మీద లైట్లన్నీ ఒక్క తాళంలో టకటకా కొట్టుకుంటాయి. ఒక ఆఫీసులో బల్ల సర్దుతూ, వేలాడుతున్న వైరు అసహ్యంగా ఉందని దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో గుచ్చేశారు ఎవరో. ఆ పూటంతా నాకు టెన్షన్. దీనికి మందు స్పానింగ్ ట్రీ, 1985లో రాడియా పెర్ల్‌మన్ తయారుచేసింది. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, చుట్టులో ఒక లంకెని పక్కన పెట్టేస్తాయి. మొదటిది తెగితే దాన్ని లేపుతాయి. అందుకే ఆఫీసు, వేబ్రిడ్జి రెండు చోట్లా మాత్రం దీన్ని నడపగల మేనేజ్డ్ స్విచ్‌లు కొనిపించాను. ఓనరు గారి ఎదురుగానే గాడిలోని ఫైబర్ పీకి చూపించాను. వేబ్రిడ్జి స్క్రీన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. ఆయన రెండుసార్లు పీకించుకుని చూశారు.

స్టార్‌కి గుండె మధ్యలో ఉంటుంది, అది ఆగితే అన్నీ ఆగుతాయి. అందుకు నా దగ్గరున్న ఉపాయం బీరువాలో ఇంకో స్విచ్, మూత తీయకుండా. ఫుల్ మెష్ గురించి వాళ్లబ్బాయి యూట్యూబ్ చూసి అడిగాడు. నాలుగు చోట్లని ఒకదానితో ఒకటి కలపాలంటే 6 లంకెలు, పదింటికి 45, ఇరవైకి 190. వద్దన్నాను. వైఫై మెష్ ఇంటికి బావుంటుంది గానీ ఛాంబర్ల రేకు గోడల ముందు పనికిరాదు. టోకెన్ రింగ్ అనే పాత పద్ధతి అంటారా, ఐబీఎం 1985లో తెచ్చింది, నేను పరీక్షలో రాశాను తప్ప కళ్లారా చూడలేదు. తమాషా ఏమిటంటే దాని వైర్లు కూడా మధ్యలో ఒక పెట్టెలోకే వెళ్లేవి.

పని ముగించి బిల్లు ఇచ్చేశాక, ఫిబ్రవరిలో ఓనరు గారు ఫోన్ చేశారు. ఛాంబర్లలో టెంపరేచర్ సెన్సర్లు పెట్టించారట, రీడింగులు కాసేపు వస్తున్నాయి, కాసేపు పోతున్నాయి. నా పని కాకపోయినా వెళ్లాను. ఎలక్ట్రీషియన్ కుర్రాడు చక్కగా ఒక జంక్షన్ బాక్సు పెట్టి, అన్ని సెన్సర్ల వైర్లూ అందులోకి తెచ్చి కలిపాడు. “నువ్వు చేసినట్టే స్టారన్నా” అన్నాడు గర్వంగా.

ఆ సెన్సర్లు ఆర్‌ఎస్-485 అనే వైరింగ్ పద్ధతివి. వాటికి స్టార్ పడదు. రెండు వైర్ల జత ఒక సెన్సర్ నుంచి ఇంకోదానికి వరసగా పోవాలి, మొత్తం 1,200 మీటర్ల దాకా వెళ్లొచ్చు, రెండు కొసల్లో 120 ఓంల రెసిస్టర్ ఉండాలి. ఇద్దరం కలిసి ఒక రోజంతా స్వెట్టర్లు వేసుకుని వైరింగ్ మార్చాం. చివర్లో ప్యానెల్ ఆపి, ఆ జతలోని ఏ-బీ వైర్ల మధ్య మీటర్ పెట్టమన్నాను.

“60 వస్తందన్నా.”

“అంతే రావాలి. రెండు 120లు.”

వాడు మార్కర్‌తో ప్యానెల్ తలుపు లోపల 60 అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు. వెనక నిలబడి చూస్తున్న ఓనరు గారు, కొత్త వైరు ఎట్టా పోయిందో వేలితో గాల్లో గీసుకున్నారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“ఏందయ్యా, జనవరిలో నేను గీసింది ఇదేగా!”