రాత్రి పదింటికి బేరింగ్ దొరికే ఊరు

మా బావమరిది పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లోని జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు అటుకుల మిల్లు పెడతానంటున్నాడు. దసరాకి మిర్యాలగూడ వచ్చినప్పుడు ఓ ఫైలు తెచ్చాడు. అందులో చిన్న ఆహార యూనిట్లకు కేంద్ర పథకం కింద వచ్చే 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు అని రాసుంది. పరిశ్రమల అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2014 ఐపాస్ చట్టం ప్రకారం మామూలు యూనిట్‌కి 30 రోజుల్లో అనుమతులు రావాలని ఇంకో కాగితం.

"బావా, ఏ ఊళ్లో పెడితే కలిసొస్తది?" అన్నాడు.

నాది లేత్ షాపు. మిల్లుల షాఫ్టులు, పుల్లీలు తిప్పుకుని బతుకుతున్నాను. సబ్సిడీ లెక్కలు నాకు రావు. ఫైలు పక్కన పెట్టి బండెక్కమన్నాను.

ఈ ఊరికి మిల్లులు రమ్మని ఎవరూ పిలవలేదు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు, ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వడ్లున్న చోటికి మిల్లు వచ్చింది. కానీ అంతే అయితే కాలువ కింద ఉన్న ప్రతి ఊరూ మిర్యాలగూడ అయ్యేది కదా!

అసలు సంగతి మిల్లు వెనకాల ఉంది. సర్కారు కొని ఇచ్చిన వడ్లు క్వింటా ఆడితే మిల్లరు 67 కిలోల బియ్యం అప్పజెప్పాలి, ఉప్పుడు బియ్యమైతే 68. మిగిలిన దాంట్లోనే మా ఊళ్లో చాలామంది బతుకు. తవుడు నూనె మిల్లుకు పోతుంది. ఊక బాయిలర్‌లోకి, మిగిలితే ఇటుక బట్టీలకు. వీటి చుట్టూ సంచులు కుట్టేవాళ్లు, వేబ్రిడ్జిలు, లారీ ఆఫీసులు, మోటార్లకు వైండింగ్ చేసేవాళ్లు. వాళ్లందరికీ టీ పోసేవాడు వేరే.

ఆ రాత్రే ఓ మిల్లు నుంచి కుర్రాడు వచ్చాడు. ఎలివేటర్ షాఫ్ట్ అరిగి బేరింగ్ పగిలింది. బయట ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి, ఓనరుకి టెన్షన్. బేరింగ్ షాపు మూసేశారు. అయినా ఆయన ఇల్లు షాపు మీదే, తలుపు కొడితే లుంగీలో దిగొచ్చి ఇచ్చాడు. డబ్బులు అడగలేదు, నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను షాఫ్ట్ సరిచేసేసరికి పన్నెండున్నర. బావమరిది స్టూలు మీద కూర్చుని అంతా చూశాడు.

"మా దగ్గరైతే రేపు ఫోన్ చేయమంటారు" అన్నాడు.

పొగుడుకోవడానికి చెప్పట్లేదు. సాగర్‌లో నీళ్లు అడుగంటిన ఏడు మా అందరి షట్టర్లు ఒకేసారి దిగుతాయి. ఒక్క వడ్ల మీదే నిలబడ్డ ఊరు ఇది. నీ అటుకులకూ అవే వడ్లు కావాలి, ఆలోచించుకోమని మొహం మీదే చెప్పాను. పనివాళ్లతో ఇంకో గోల. హమాలీలు బీహార్ నుంచి వస్తున్నారు. లేత్ నేర్చుకోవడానికి నా దగ్గర చేరిన చివరి కుర్రాడు మూడు నెలల్లో హైదరాబాద్‌కు డెలివరీ పనికి పోయాడు. నా కొడుకు కూడా అక్కడే ఉన్నాడులెండి, వాణ్ణి మాత్రం ఏమనగలను? డాబా మీద ఆరేసిన బట్టల మీద మిల్లుల బూడిద పడుతుందని మా ఆవిడ ఎప్పుడూ తిట్టే తిట్లు సరేసరి.

మర్నాడు ఊరి బయట ఒక జాగా చూశాం. బ్రోకర్ చెప్పిన సర్వే నంబరు ఒకటి, కాగితంలో ఉన్నది ఇంకొకటి. అడిగితే "అదంతా చూసుకుందాం సార్" అన్నాడు. 30 రోజుల అనుమతి సంగతి సరే, ఆ గడియారం తిరగడం మొదలవ్వాలంటే ముందు భూమి కాగితం శుభ్రంగా ఉండాలి. నేనైతే అడ్వాన్స్ ఇవ్వనివ్వలేదు.

మా చెల్లెలు, అంటే అతని భార్య, మిల్లు గురించి ఒక్క మాటా అడగలేదు. పిల్లల బడి, మంచినీళ్లు, అద్దె ఇల్లు, ఇవే అడిగింది. ఆ రెండు రోజుల్లో పనికొచ్చే ప్రశ్నలు ఎక్కువ ఆమెవే.

ఫైలు మా ఇంట్లోనే మరిచిపోయాడు. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే దాని గురించే అనుకున్నాను. కాదట, అద్దెకు షెడ్డు ఏదైనా ఉందా అని. రెండు ఉన్నాయి, కానీ అద్దె తర్వాత, ముందు అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ నీ మోటార్ల లోడు మోస్తుందో లేదో కనుక్కుందాం అన్నాను.