క్వర్తు కూడా వందనాలు చెప్పాడు

బైబిల్లో రోమా పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం, 16వ అధ్యాయం రాగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. అన్నీ పేర్లే, పేరుపేరుకీ వందనాలే. కానీ ‘శరీరం ఒక్కటే, అవయవాలు అనేకం’ అని గ్రీసులోని కొరింథు సంఘానికి పౌలు నేర్పిన మాట మనుషులై నడిచేది ఈ అధ్యాయంలోనే. ఈ పత్రిక సుమారు క్రీ.శ. 57లో ఆ కొరింథు నుంచే బయలుదేరింది.

దాన్ని రోమాకు చేర్చింది కొరింథు దగ్గరి రేవు కెంక్రేయలోని సంఘ పరిచారకురాలు ఫీబే అని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. పౌలు చెబుతుంటే 7,000కు పైగా గ్రీకు మాటలు రాసిన చెయ్యి తెర్తియుది. సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చినవాడు గాయియు. ఎరస్తు పట్టణపు ఖజానాదారుడు. ‘ప్రయాసపడిన’ అనే మాట ఈ అధ్యాయంలో నలుగురికే దక్కింది: మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. నలుగురూ స్త్రీలే. మన సంఘాల్లో తెల్లారకముందే గుడి ఊడ్చి, చాపలు పరిచి, ప్రభువు బల్ల గిన్నెలు కడిగేవాళ్లు ఈ వచనాల దగ్గర కాసేపు ఆగాలి.

పరిచర్య అనగానే మనకు గుర్తొచ్చేది మైకు. పాడగలిగితే క్వయర్, మాట్లాడగలిగితే వాక్యం, రెండూ రాకపోతే కుర్చీలు సర్దడం. తెర్తియులాంటి మనిషిని తీసుకెళ్లి క్వయర్‌లో నిలబెడితే ఆయనా నలుగుతాడు, రిజిస్టరూ పాడవుతుంది. బాప్తిస్మపు రిజిస్టర్‌లో ముద్దుపేరు రాసి, తల్లి పేరు వదిలేసి, తేదీ తర్వాత వేద్దాంలే అనుకుంటే, పదేళ్లకో ఇరవై ఏళ్లకో సర్టిఫికెట్ కావాల్సిన రోజున ఆ బిడ్డ తిరగాల్సి వస్తుంది. కాగితాల్లో ఉన్న పేరే అక్షరం మారకుండా రాసి, అదే రోజు సంతకాలు తీసుకోవాలి. ఇది గుమాస్తా పని కాదు, పరిచర్యే.

ఎరస్తు పని కానుకలది. ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు గుడిలోనే లెక్కపెట్టాలి, మొత్తం పుస్తకంలో ఎక్కించి ఇద్దరూ సంతకం పెట్టాలి, బ్యాంకులో వేసేదాకా అందులోంచి ఖర్చు పెట్టకూడదు. ఎంత నమ్మకస్థుడైనా ఒక్కడి చేతికే వదిలితే, రేపు అనుమానం వచ్చిన రోజున ఆయన్ని కాపాడే సాక్షి ఉండడు.

గాయియు పని గృహకూడికలో కనిపిస్తుంది. మొదటి ఇంట్లో టిఫిన్, రెండో ఇంట్లో బిర్యానీ పెడితే మూడో ఇంటివాళ్లు పిలవడానికే వెనకాడతారు. ఎవరింట్లోనైనా టీ ఒక్కటే అని సంఘం ముందే తీర్మానించుకుంటే ఒంటిగది ఇంటికీ ఆ భాగ్యం దక్కుతుంది.

పనులు పంచేటప్పుడు ముందు మనుషుల పేర్లు కాదు, పనుల పేర్లు రాసుకోవాలి. ఒక్కో పనికి ఇద్దరిని పెట్టి, మూడు నెలలు చేయనిచ్చి, అప్పుడు వాళ్లనే అడగాలి: ఇందులో నీకు సంతోషం ఉందా, లేక మొహమాటమా అని. ఆ నలుగురే అన్నీ చేసే సంఘంలో సాధారణంగా లోటు మనుషులది కాదు, అడగకపోవడమే.

చివర్లో క్వర్తు ఉన్నాడు. ఆయన ఏ పని చేశాడో పౌలు చెప్పలేదు, ‘సహోదరుడు’ అన్నాడంతే. మంచంపట్టిన పెద్దమ్మ పేరు ఏ పనికీ ఎదురుగా ఉండదు. ఆ వారం ప్రార్థన విన్నపాలు రాసిన చీటీ ఆదివారం సాయంత్రానికి ఆమె చేతికి అందాలి. చదవలేకపోతే ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఒక్కో పేరూ చదివి వినిపించాలి.