ముసలి తెల్ల పిల్లి బొచ్చు పసుపెక్కితే: కడిగే ముందు చూడాల్సినవి

మా తెల్ల పిల్లికి 14 ఏళ్లు. తోక మొదట్లో, వెనక తొడల మీద బొచ్చు పసుపు కలిసిన గోధుమ రంగుకు తిరిగింది. వయసైపోయింది కదా అని సరిపెట్టుకోవడం తప్పు. తెల్ల వెంట్రుకలో రంగే ఉండదు, వయసు దానికి కొత్తగా పసుపు తెచ్చిపెట్టదు. ఆ పసుపు బయట నుంచి అంటుకుని ఉండాలి, లేదా ఒంట్లోంచి చర్మానికి ఎక్కి ఉండాలి. ఏదో తేలేదాకా నేను స్నానం జోలికి పోలేదు. కడిగేస్తే మరకతో పాటు ఆనవాలూ పోతుంది.

పగటి వెలుతురులోనే చూడాలి. బల్బు వెలుగులో అన్నీ పసుపుగానే కనిపిస్తాయి. బొచ్చు పాయ తీసి చర్మం దాకా చూశాను. వెంట్రుక మొదలు తెల్లగా ఉండి కొస రంగు మారితే అది పైనుంచి పట్టిన మరక. మొదలు కూడా జిడ్డుగా ఉంటే చర్మం నుంచి ఊరే నూనె. చర్మమే పసుపుగా ఉంటే కామెర్లు. పై పెదవి ఎత్తి చిగుళ్లు, తర్వాత కంటి తెల్లగుడ్డు, చెవి లోపలి వైపు తప్పకుండా చూడాలి. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం డెసిలీటరుకు సుమారు 2–3 మిల్లీగ్రాములు దాటాకే ఆ పసుపు కంటికి ఆనుతుంది కాబట్టి, కనిపించిందంటే జబ్బు ముదిరినట్టే. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. లావు పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేసినా చాలు, కాలేయానికి కొవ్వు పట్టి కామెర్లు రావచ్చు.

మా పిల్లి చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. ఇక మరక ఎక్కడుందన్నదే ఆధారం. పాదాల మీద, మూతి చుట్టూ ఎర్రగోధుమ రంగు ఉంటే లాలాజలంలోని పార్ఫిరిన్ అనే రంగు పదార్థం వల్ల. అతిగా నాకుతోందనో, నోట్లో నొప్పి ఉందనో అనుకోవాలి. తోక మొదట్లో మైనంలాంటి జిడ్డు, నల్లటి నలుసులు ఉంటే అక్కడి నూనె గ్రంథుల పని. తొడల మీద పసుపు, పక్కనే వాసన ఉంటే మూత్రం. చెవి కొసలు ఎర్రబడి పక్కు కడితే మాత్రం అది మరక కాదు, ఎండ దెబ్బ. తెల్ల పిల్లుల్లో అది క్యాన్సర్‌గా మారగలదు, వెంటనే చూపించాలి.

మా పిల్లికి తోక దగ్గర జిడ్డు, తొడల మీద మూత్రం రెండూ ఉన్నాయి. అంటే నడుము వంచి వెనక భాగం నాక్కోలేకపోతోంది. 2002లో వెలువడిన ఒక పరిశీలనలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లులకు ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనిపించింది. పిల్లి కుంటదు, మూలగదు; ఎక్కే చోటికి ఎక్కడం మానేస్తుంది, అంతే. అలాగని కీళ్లే అని తేల్చేయకూడదు. మూత్రపిండాల జబ్బు, షుగర్, థైరాయిడ్ ఎక్కువవడం వల్ల కూడా బొచ్చు పాడవుతుంది. అందుకే తుంటి ఎక్స్‌రేతో పాటు క్రియాటినిన్ (మూత్రపిండాలకు), గ్లూకోజ్ (షుగర్‌కు), టీ4 (థైరాయిడ్‌కు), మూత్ర పరీక్ష, పళ్ల పరీక్ష అడిగి చేయించాను. తుంటి కీళ్లు అరిగాయని తేలింది, మిగతావి బాగున్నాయి. కీళ్ల నొప్పి తగ్గించడానికి నెలకోసారి ఇచ్చే ఫ్రూనెవెట్‌మాబ్ ఇంజెక్షన్ మొదలైంది. ఇంట్లో ఉండే పారాసిటమాల్ మాత్రం ముక్క కూడా పెట్టొద్దు, పిల్లికి అది ప్రాణాంతకం.

శుభ్రం చేయడానికి ఒళ్లంతా తడపక్కర్లేదు. తోక మొదట్లో పొడి మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చల్లి, వేళ్లతో బొచ్చు మొదలు దాకా రుద్ది, పది నిమిషాలాగి సన్నపళ్ల దువ్వెనతో దువ్వేస్తే సగం జిడ్డు పిండితోనే ఊడొస్తుంది. తర్వాత వెనక భాగం మాత్రం గోరువెచ్చటి నీళ్లతో, పిల్లుల షాంపూతో కడిగాను. షాంపూ ఏ కాస్త మిగిలినా పిల్లి నాకి మింగుతుంది, కాబట్టి నీళ్లు తేటగా కారేదాకా కడగాలి, చలి పట్టకుండా వెంటనే ఆరబెట్టాలి. బ్లీచ్, పెరాక్సైడ్, టీ ట్రీ నూనె, ఫినాల్ ఉన్న క్రిమిసంహారకాలు, పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కుక్కల షాంపూ దగ్గరికి కూడా రానీయొద్దు. చిక్కులు కత్తెరతో కత్తిరించొద్దు. ముసలి పిల్లి చర్మం పలచన, చిక్కుతో పాటు లేచి తెగుతుంది. క్లిప్పర్‌తో (బొచ్చు గొరిగే మిషన్‌తో) తీయించాలి.

లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పళ్లెం) మార్చడం కూడా వైద్యంలో భాగమే. ఎత్తు అంచు దాటలేని పిల్లి ఇసుకలో ముందు కాళ్లే పెట్టి కానిచ్చేస్తుంది, వెనక కాళ్లు తడుస్తాయి. లోపలికి వెళ్లే వైపు అంచు 5–7 సెంటీమీటర్లకు మించకుండా, పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లుండే ట్రే పెట్టాను.

రంగు పట్టిన వెంట్రుక రాలేదాకా పూర్తిగా తెల్లబడదు, ఎంత కడిగినా అంతే. కొత్త బొచ్చు మొదలు దగ్గర తెల్లగా వస్తోందా లేదా అన్నదే చూసుకోవాలి. తొడల మీద పసుపు మళ్లీ తిరగబెడితే ముందు తాగే నీళ్లు కొలవాలి. ఒంటి బరువులో కిలోకు రోజుకు 50 మిల్లీలీటర్లు దాటుతుంటే రక్త, మూత్ర పరీక్షలు మళ్లీ చేయించాలి.