పాప్-అప్ హెడ్‌లైట్ మూత బానెట్‌తో కలిపేసరికి: నా అనుభవం

ఎట్టకేలకు నిన్న రాత్రి ఎడమ పక్క హెడ్‌లైట్ మూత సరిగ్గా కూర్చుంది. బానెట్ మీంచి మూత మీదికి వేలు జరిపితే మధ్యలో ఎక్కడా తగలడం లేదు. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

కారు మాజ్డా ఎంఎక్స్-5, మొదటి తరం. 1989 నుంచి 1997 వరకు వచ్చిన ఆ మోడల్‌కే పాప్-అప్ లైట్లు, అంటే వేసినప్పుడు మూతతో సహా పైకి లేచి, ఆపితే లోపలికి దిగిపోయేవి, 1998లో వచ్చిన రెండో తరానికి తీసేశారు. 2004లో లోటస్ ఎస్ప్రీ, ఐదో తరం కార్వెట్ కార్ల తయారీ ఆగిపోయాక పెద్ద కంపెనీలు ఇలాంటి లైట్లు చేయడం మానేశాయి. ఉన్నవాటిని కాపాడుకోవాలి.

ముందు భాగానికి రంగు వేయించాక ఎడమ మూత వెనక అంచు పైకి నిలబడింది, ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) వైపు గ్యాప్ ఒక చోట సన్నగా, ఇంకో చోట వెడల్పుగా వచ్చింది. రంగు వేసిన గ్యారేజీకి తీసుకెళ్తే, "పాత బండి కదా సార్, ఇంతకంటే రాదు, లైటు వెలుగుతోందిగా?" అని అక్కడి మెకానిక్ పదిమంది ముందు నవ్వాడు. కుడి పక్క మూత అదే వయసుది, అది బాగానే ఉంది కదా అంటే జవాబు లేదు. ఆ నవ్వు మర్చిపోలేక నేనే స్పానర్ పట్టుకున్నాను.

మొదటి పనులు తేలిక. బటన్ నొక్కి లైట్లు పైకి లేపి, వాటిని లేపి దించే మోటార్‌కు ఉండే రిట్రాక్టర్ ఫ్యూజ్ పీకేయాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు, ఆ మోటార్ వేళ్లను చూసి ఆగదు. ఆ తర్వాత మోటార్ మీద రబ్బరు టోపీ కింద ఉండే నాబ్‌ను చేత్తో తిప్పుతూ మూతను దించుకోవచ్చు, లేపుకోవచ్చు.

అసలు నరకం ఇక్కడి నుంచి. మూత బోల్టులు అందేది అది పైకి లేచి ఉన్నప్పుడు, గ్యాప్ కనిపించేది అది దిగాక. అంటే వెంట్రుకవాసి జరిపినా మళ్లీ నాబ్ తిప్పి దించి చూడాల్సిందే. వెనక అంచు దించితే ముందు మూల లేస్తుంది, ముందు మూల సరిచేస్తే మూత పక్కకు జరిగి ఫెండర్‌ను రాసుకునేలా ఉంటుంది. చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, బోల్టు తలల చుట్టూ పెన్సిల్‌తో గీసుకుని, గ్యాప్‌లో ఒకే మందం ఉన్న అట్టముక్కలు పెట్టి కొలుచుకుంటూ పోయినా ఒక మూల దారికొస్తే ఇంకో మూల ఎదురుతిరిగేది. బోల్టు రంధ్రాల్లో జరుపుకునే చోటు అయిపోయింది గానీ మూత మాత్రం కుదరలేదు. పిచ్చెక్కినంత పనైంది.

చివరికి ఎవరూ చేయి పెట్టని కుడి పక్క మూత లేపి రెండింటినీ పక్కపక్కన పోల్చి చూశాను. అటు బ్రాకెట్ మీద మూత నేరుగా ఆనుకుని ఉంది. ఇటు ఒక్క బోల్టు కింద రెండు వాషర్లు, ఒకదాని మీద ఒకటి, పైన రంగు కొట్టి కనిపించకుండా చేశారు! ఎందుకు పెట్టారో బానెట్ చూస్తే తెలిసింది. రంగు వేశాక బానెట్ బిగించేటప్పుడు ఎడమ మూల కింద ఉండే, బానెట్ ఎత్తు సరిచేసే రబ్బరు స్టాపర్‌ను ఎక్కువ ఎత్తులో వదిలేశారు, బానెట్ ఆ పక్క లేచింది, దాన్ని దించకుండా మూతను వాషర్లతో ఎత్తి దానికి కలపబోయారు. మూత మెలితిరిగి కూర్చుంది. నేను తిప్పిన బోల్టుల్లో తప్పే లేదు. ఎవరూ చూడరనుకున్న చోట చేసే పనిలోనే మెకానిక్ నిజాయితీ తెలుస్తుంది. వాషర్ల మీద రంగు కొట్టే చేతికి స్టాపర్ తిప్పడం ఎంతసేపు?

స్టాపర్ తిప్పి బానెట్‌ను ఫెండర్‌తో సమానం చేశాను, వాషర్లు తీసేశాను, బోల్టులు వేళ్లతో బిగించి మూత దించి, చుట్టూ గ్యాప్ సమానంగా జరిపి, జాగ్రత్తగా పైకి లేపి పూర్తిగా బిగించాను. దాదాపు మొదటిసారికే కుదిరింది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే మూత బోల్టు ముట్టుకోకముందు బానెట్, ఫెండర్, బంపర్ వరస చూసుకోండి, ఆ మూడూ సరిగా లేకపోతే మూత కలవదు. గ్యారేజీవాళ్లు రంగు వేశాక బండి ఇస్తే అక్కడే బానెట్ ఎత్తి, లైట్లు లేపి, దించి చూడండి, మొహమాటపడకండి.

బిగించాక మోటార్‌తో కాకుండా నాబ్‌తోనే ఒకసారి పూర్తిగా దించండి, ఎక్కడైనా తగిలితే చేతికి తెలుస్తుంది, మోటార్ అయితే కొత్త రంగు పెచ్చు లేపేస్తుంది. మూత బోల్టులు మాత్రమే వదులు చేస్తే లైటు వెలుగు పడే చోటు మారదు. మోటార్‌ను లైటుకు కలిపే లింక్ రాడ్‌నో, పైకి లేచాక ఆగే స్టాప్‌నో కదిపితే మాత్రం మారుతుంది, అప్పుడు గోడ ముందు బండి ఆపి రెండు లైట్ల ఎత్తు పోల్చుకోవాలి. నేను అవి ముట్టుకోలేదు, అయినా చూశాను, రెండూ సమానంగానే పడుతున్నాయి.